ఫ్రెంచిలో కంప్లయింట్ లెటర్: మర్యాదగా తిట్టడం ఎలా?

పలాస_పిక్క
మాది పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీ. పిక్క గుప్పెట్లో పట్టుకుంటే తేమ ఉందో లేదో చెప్పగలను గానీ ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. ఈ సీజన్లో ఐవరీ కోస్ట్ నుంచి 50 టన్నులు తెప్పించాం. విశాఖ పోర్టులో దించి శాంపిల్ కోస్తే అవుట్‌టర్న్ 45.5 వచ్చింది, కాంట్రాక్టులో ఉన్నది 48. తేమ 10 శాతం దాటకూడదని రాసుకుంటే 11.8 ఉంది. ఇన్నాళ్ళూ మధ్యలో బ్రోకర్ చూసుకునేవాడు, ఈ ఏడాది ఆయన లేడు. సరుకు అమ్మినాయనకి ఇంగ్లీషులో రెండు మెయిళ్ళు పెడితే ఉలుకూ పలుకూ లేదు. చిరాకొచ్చి ట్రాన్స్‌లేటర్‌లో వేసి ఫ్రెంచిలో పంపాను, మర్నాడే మూడు లైన్ల జవాబొచ్చింది. "మీ ఉత్తరం అందింది, సరుకు మా దగ్గర బయల్దేరినప్పుడు బాగుంది" అని, కింద "వయ్యేజ్ అగ్రెయే, మొస్యో, మే సాల్యుతాసియోఁ" అని ఉంది. ఆ చివరి లైను ట్రాన్స్‌లేటర్‌లో వేస్తే "దయచేసి నా నమస్కారాలు స్వీకరించండి" అంటోంది. అంటే మంచిగానే ఉన్నాడా, కోపంగా ఉన్నాడా? నేనిప్పుడేం రాయాలి?

సున్నుండ
అవుట్‌టర్న్ అంటే ఏంటన్నా?

పలాస_పిక్క
80 కిలోల బస్తా పిక్కలు కోస్తే ఎన్ని పౌండ్ల మంచి పప్పు వస్తుందన్నది. రెండున్నర తగ్గిందంటే మాకు కన్నీళ్ళే.

తులూజ్_తమ్ముడు
కోపంగానే ఉన్నాడు. మామూలుగా అక్కడ "సాల్యుతాసియోఁ దిస్తాంగే" అని రాస్తారు, అంటే విశిష్టమైన నమస్కారాలు. ఆ దిస్తాంగే ఎగిరిపోయి వట్టి నమస్కారాలు మిగిలాయంటే, మనవాళ్ళు "గారు" తీసేసి పేరు పెట్టి పిలిచినట్టు. ముందు నువ్వేం పంపావో అది పెట్టు.

పలాస_పిక్క
పెడుతున్నా, నవ్వొద్దు. "షేర్ అమీ" అని మొదలైంది (డియర్ ఫ్రెండ్ అని కొట్టాను). తర్వాత మీ సరుకు బాగోలేదు, మీరు మమ్మల్ని మోసం చేశారు, వెంటనే 3,125 డాలర్లు పంపండి, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.

తులూజ్_తమ్ముడు
ఫ్రెంచి టెక్స్ట్ మొత్తం పంపు. అందులో "వూ" ఉందా "త్యూ" ఉందా?

పలాస_పిక్క
అన్నిచోట్లా త్యూ అనే ఉంది. అదేటి?

తులూజ్_తమ్ముడు
అయిపోయింది. త్యూ అంటే నువ్వు, వూ అంటే మీరు. డియర్ ఫ్రెండ్ అన్నావు కదా, మిషన్ మీ ఇద్దర్నీ చిన్నప్పటి దోస్తులు అనుకుని ఏకవచనం పెట్టేసింది. మొదటి లైన్లో ప్రియమిత్రమా, రెండో లైన్లో నువ్వు, మూడో లైన్లో మోసగాడివి. మన సంతలో బేరం దగ్గర ఇలా మాట్లాడినా చొక్కా పట్టుకుంటారు. ఆయన మూడు లైన్లయినా రాశాడంటే పెద్దమనిషే.

సున్నుండ
ప్రియమిత్రమా నువ్వు దొంగవి 😂

కూకట్‌పల్లి_కుమార్
ఈ రోజుల్లో వ్యాపారం చేసేవాడికి ఇంగ్లీష్ రాకుండా ఉంటుందా? పడుద్ది, మళ్ళీ ఇంగ్లీషులోనే గట్టిగా పెట్టు. ఫ్రెంచి నేర్చుకుని లెటర్ రాసేలోపు పిక్కలు మొలకెత్తుతాయి.

లెడ్జర్_లక్ష్మి
కుమార్ గారూ, ఐవరీ కోస్ట్ అధికార భాష ఫ్రెంచి. ఫోన్లో ఇంగ్లీష్ మాట్లాడొచ్చేమో, కాగితం మాత్రం వాళ్ళ ఆఫీసులో ఫైల్లోకి వెళ్ళాలి, పైవాళ్ళు చదవాలి, డబ్బు వదలాలి. రెండు ఇంగ్లీష్ మెయిళ్ళకి జవాబు లేదు, తిట్టిన ఫ్రెంచి మెయిల్‌కి మర్నాడే వచ్చింది, దీన్నిబట్టే తెలియట్లేదా?

పలాస గారూ, మీ డ్రాఫ్ట్‌లో నాకు భాష కంటే అంకెలే భయం వేస్తున్నాయి. ఫ్రెంచి వాళ్ళకి కామా అంటే మన పాయింటు. 3,125 డాలర్లు అని రాస్తే మూడు డాలర్ల పన్నెండున్నర సెంట్లు. 50,000 కిలోలు అంటే అచ్చంగా యాభై కిలోలు. వేల దగ్గర ఖాళీ వదలాలి, 3 125 అని, 50 000 అని. మీ 45.5 ని 45,5 అని, 11.8 ని 11,8 అని రాయాలి. నేను కొత్తగా చేరినప్పుడు వాళ్ళ కాగితంలో 1 యూరో = 655,957 సీఎఫ్‌ఏ ఫ్రాంకులు (అక్కడి డబ్బు) అని చూసి, ఆరున్నర లక్షలా అని గుడ్లు తేలేశాను. నిజానికి ఆరువందల యాభై ఐదు చిల్లర, యూరోకి కట్టేసిన స్థిరమైన రేటు.

పలాస_పిక్క
మూడు డాలర్లకి ఇంత గొడవ చేశాననుకున్నాడేమో పాపం. లక్ష్మి గారూ, ఇంకో డౌట్. కాంట్రాక్టు ఫ్రెంచి కాపీలో సీఏఎఫ్ విశాఖపట్నం అని ఉంది. నాన్న అచ్చుతప్పు అంటున్నారు.

లెడ్జర్_లక్ష్మి
తప్పు కాదు. మనం సీఐఎఫ్ అనేదాన్ని వాళ్ళు సీఏఎఫ్ అంటారు, ఖర్చు, బీమా (వాళ్ళ మాటలో అస్యురాన్స్), రవాణా. ఓడెక్కించేదాకా ధర, అంటే మన ఎఫ్‌ఓబీని ఎఫ్‌ఏబీ అంటారు. బిల్ ఆఫ్ లేడింగ్‌ని (సరుకు ఓడకెక్కించినట్టు ఇచ్చే రసీదు) కొనెస్మాఁ అంటారు. లెటర్లో ఆ నంబరు తప్పకుండా వేయండి, దాన్ని చూశాకే వాళ్ళు ఫైల్ తెరుస్తారు.

యానాం_మనవడు
మాది యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు. మా తాతగారు అర్జీలు రాసేవారు. ఊళ్ళో ఎవరికి ఏ పనున్నా, గట్టు తగాదా అయినా పన్ను తగ్గించమన్నా, మా అరుగు మీద కూచుని తెలుగులో చెప్పేవారు, ఈయన ఫ్రెంచిలోకి దించేవారు. ఆయన చిత్తు ప్రతులు ట్రంకు పెట్టెలో ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. కాగితాన్ని నిలువునా మడిచి ఎడమవైపు బాగా ఖాళీ వదిలేవారు, దొరగారు అందులో ఏదైనా రాసుకోవాలని. ప్రతి అర్జీ "ఝే లోనూర్ ద" అని మొదలు, మీకు మనవి చేసుకునే గౌరవం నాకు కలిగింది అని అర్థం. గట్టు నరికేశాడని ఏడుస్తూ వచ్చినవాడి అర్జీ కూడా అలాగే మొదలయ్యేది.

చిన్నప్పుడు అడిగాను, ఆయన అంత తిట్టాడు కదా తాతా, ఇందులో ఒక్క తిట్టూ లేదేంటని. చూపుడువేలితో కాగితం మీద మూడుచోట్ల చూపించారు. గట్టు ఎన్ని మూరలు నరికాడో, ఏ రోజు నరికాడో, ఎవరెవరు చూశారో. "ఇవే తిట్లురా" అన్నారు.

నీ ఉత్తరంలో 48, 45,5, 11,8 ఉండనీ. మోసం అన్న మాట తీసెయ్యి.

గోదారి_గట్టు
యానాం అంటే కల్యాణపురమేగా! బాల్యవివాహాలు వద్దన్న బ్రిటిష్ వాళ్ళ శారదా చట్టం వచ్చాక మా వైపు అలాంటి పెళ్ళిళ్ళన్నీ అక్కడే అయ్యేవట. మీ తాతగారు శుభలేఖలు కూడా ఫ్రెంచిలో రాసేవారా?

యానాం_మనవడు
మా అమ్మమ్మ పెళ్ళి అలాంటిదేనండీ, ఎక్కువ కదపకండి.

గోదారి_గట్టు
అసలు ఈ ఫ్రెంచి మర్యాదలు వింటుంటే మన పాత కార్డులు గుర్తొస్తున్నాయి. మహారాజశ్రీ బావగారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి, చిత్తగించవలెను. మగాళ్ళకి మహారాజశ్రీ, ముత్తయిదువకి లక్ష్మీసమానురాలు, భర్త పోయినవాళ్ళకి గంగాభాగీరథీసమానురాలు, చిన్నవాళ్ళకి చిరంజీవి. ఒకటి మార్చి ఒకటి రాస్తే కొంప మునిగేది. మా పెద్దనాన్న పొరపాటున బతికున్న తోడల్లుడి భార్యకి గంగాభాగీరథీ అని రాసి పదేళ్ళు మాటల్లేకుండా చేసుకున్నాడు.

డెల్ఫ్_బీ2_బాధితురాలు
కరెక్ట్ పోలిక! వాళ్ళకీ అంతే. లాయరుకీ నోటరీకీ మొస్యో కాదు, "మేత్ర్" అనాలి. డైరెక్టరమ్మ అయితే "మదామ్ లా దిరెక్త్రీస్". పెళ్ళికాని వాళ్ళకి మద్‌మొజెల్ అనేవారు, దాన్ని 2012లో సర్కారు ఫారాల నుంచి తీసేశారు. ఎవరు చదువుతారో తెలియకపోతే "మదామ్, మొస్యో," అని రెండూ. పైన ఎలా పిలిచావో కింద ముగింపులో కచ్చితంగా అలాగే పిలవాలి. నేను డెల్ఫ్ బీ2 అనే ఫ్రెంచి పరీక్షలో పైన మదామ్ అని, కింద మొస్యో అని రాసొచ్చాను. గంటలో 250 పదాలకి తగ్గకుండా ఫార్మల్‌గా రాయాలి, చెయ్యి వణుకుతుంది, మధ్యలో ఆవిడ కాస్తా ఆయన అయిపోయింది.

కూకట్‌పల్లి_కుమార్
నాకు ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి, 98 మార్కులు. పైన మీరు రాసిన వాక్యాల్లో ఒక్కటీ తెలియదు.

సున్నుండ
నాకు సంస్కృతం 99. ఒక్క శ్లోకం అడక్కండి.

మాంట్రియల్_మాధవి
ఆఫీసులో రోజూ ఇవే రాస్తాను కాబట్టి కొన్ని చెబుతాను. "షేర్" తీసెయ్యి, బాగా పరిచయం ఉంటేనే అది. పేరు కూడా వద్దు, "మొస్యో," అని కామా పెట్టి ఆపు. ఇంగ్లీషులో డియర్ మిస్టర్ ఫలానా అనకపోతే మొరటు, ఫ్రెంచిలో పద్ధతిగా రాసే ఉత్తరంలో పేరు తగిలిస్తేనే ఎబ్బెట్టు. అడ్రసులో మొస్యోని పొట్టిగా రాయాలంటే ఎమ్ పక్కన చుక్క, ఎమ్ఆర్ కాదు. కంపెనీ తరఫున రాస్తున్నావు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా "నూ", అంటే మేము. మధ్యలో నేను అన్నావంటే ఎవరు అడుగుతున్నారో తెలియదు. అడ్రసులు రెండూ ఎడమవైపే.

తులూజ్_తమ్ముడు
అక్కా ఆ చివరిది మీ కెబెక్‌లో. ఫ్రాన్స్‌లో పంపేవాడిది ఎడమ, అందుకునేవాడిది కుడి, కిటికీ కవర్లు అలాగే ఉంటాయి. ఐవరీ కోస్ట్ వాళ్ళదీ ఫ్రాన్స్ పద్ధతే.

మాంట్రియల్_మాధవి
ఒప్పుకుంటా, వాళ్ళకైతే కుడివైపే. కానీ మీ ఫ్రాన్స్ వాళ్ళు ఆశ్చర్యార్థకానికీ ప్రశ్నార్థకానికీ ముందు ఖాళీ వదలడం మాత్రం నాకు పళ్ళూడిన నోరులా కనిపిస్తుంది.

తులూజ్_తమ్ముడు
మాకు మీది ఊపిరాడనట్టు ఉంటుంది 😀

ముగింపు ఇలా పెట్టు: "నూ వూ ప్రియోఁ దగ్రెయే, మొస్యో, లెక్స్‌ప్రెస్యోఁ ద నో సాల్యుతాసియోఁ దిస్తాంగే."

మాంట్రియల్_మాధవి
అబ్బా, ఇదే చాలామంది చేసే తప్పు. లెక్స్‌ప్రెస్యోఁ అంటే వ్యక్తం చేయడం. భావాల్ని వ్యక్తం చేస్తాం, నమస్కారాన్ని వ్యక్తం చేయం, పెడతాం. సాంతిమాఁ (భావాలు) అని రాస్తే లెక్స్‌ప్రెస్యోఁ ఉండాలి, సాల్యుతాసియోఁ అని రాస్తే నేరుగా "నో సాల్యుతాసియోఁ దిస్తాంగే" చాలు.

తులూజ్_తమ్ముడు
ఇక్కడ బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరాల్లో కూడా నేను రాసినట్టే ఉంటుంది. ఎవరూ చావలేదు.

మాంట్రియల్_మాధవి
బ్యాంకు తప్పు రాస్తే ఒప్పయిపోతుందా తమ్ముడూ!

డెల్ఫ్_బీ2_బాధితురాలు
మాధవి అక్కే కరెక్టు, మా మేడమ్ దానికే ఎర్రపెన్ను పెట్టేది. కానీ వాడుకలో తమ్ముడు చెప్పింది బోలెడు కనిపిస్తుంది, అదీ నిజం.

గోదారి_గట్టు
నమస్కారం పెట్టాలా వ్యక్తం చేయాలా అని కొట్టుకుంటున్నారు, అవతల పిక్కలకి బూజు పడుతోంది.

తులూజ్_తమ్ముడు
నా కేసు చెబుతా, పనికొస్తుంది. ఇల్లు ఖాళీ చేశాక ఓనరు అడ్వాన్సు ఇవ్వలేదు. ఇల్లు అప్పజెప్పినప్పుడు ఏ తేడా లేకపోతే నెల రోజుల్లో ఇవ్వాలి, లేకుంటే ఆలస్యమైన ప్రతి నెలకీ అద్దెలో 10 శాతం అదనం, 1989 నాటి అద్దె చట్టంలో ఉంది. ఐదు నెలలు ఫోన్లు చేశాను, బతిమాలాను, ఓసారి అరిచాను కూడా. చివరికి మా ఆఫీసులో ఒక పెద్దావిడ పక్కన కూచుని రాయించింది. తేదీ, చట్టం పేరు, బాకీ ఎంత, అంతే. "మీజ్ ఆఁ దమూర్" అనే మాట పైనే పెట్టించింది, అది గట్టి నోటీసు. దాన్ని లెత్ర్ రకొమాందేగా, అంటే మన రిజిస్టర్ పోస్టు విత్ ఎక్‌నాలెడ్జ్‌మెంట్‌లా పంపాను. పోస్టాఫీసులో ఆ స్లిప్ నింపుతుంటే చెయ్యి బరువుగా అనిపించింది, ఎవరి మీదో కేసు వేస్తున్నట్టు. తొమ్మిదో రోజు డబ్బు పడింది. ఉత్తరం చివర ఆవిడ నాచేత అదే సాల్యుతాసియోఁ దిస్తాంగే రాయించింది. తిట్టాలనిపించింది కదా, ఇదెందుకు అంటే, "రేపు జడ్జి చదివితే నువ్వే మంచివాడిలా కనిపించాలి" అంది.

పలాస_పిక్క
అయితే నేనూ మీజ్ ఆఁ దమూర్ పెట్టేనా?

యానాం_మనవడు
వద్దు, అది రెండో మెట్టు. ఇప్పటికే ఏకవచనంతో తిట్టి ఉన్నావు. ముందు పాత మెయిల్ అనువాద యంత్రం పొరపాటని ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పు. వచ్చే సీజన్‌కి ఆయన దగ్గరే కొనాలా వద్దా, అది కూడా చూసుకో.

పలాస_పిక్క
కొనాల్సిందే సార్. మా దగ్గర పండేది మా ఫ్యాక్టరీలకి సరిపోదు.

లెడ్జర్_లక్ష్మి
క్లెయిమ్ గడువు ఎన్ని రోజులో కాంట్రాక్టులో చూశారా? అది దాటితే ఎంత మర్యాద ఉన్నా లాభం లేదు. లెక్క కూడా లెటర్లోనే కట్టి చూపించండి: టన్ను 1 200 డాలర్ల చొప్పున 50 టన్నులకి 60 000, అందులో 48కి రెండున్నర వంతు తగ్గింది, అంటే 3 125. ఆయన కాలిక్యులేటర్ తీసుకుని కొట్టినా అదే రావాలి. సరుకు పరీక్షించిన సర్వేయర్ రిపోర్టు జతచేయండి.

డెల్ఫ్_బీ2_బాధితురాలు
డబ్బు అడగడానికి "నూ వూ సొరియోఁ గ్రే ద", ఇలా చేస్తే మీకు కృతజ్ఞులమై ఉంటాం అని. సొరియోఁ బదులు సెరియోఁ అని రాసేవాళ్ళు ఫ్రాన్స్‌లోనే బోలెడుమంది, నువ్వు రాయకు. గడువు "సూ కాంజేన్" అని పెట్టు. అక్షరాలా పదిహేను, వాడుకలో రెండు వారాలు. మన పక్షం రోజులే అనుకో.

మాంట్రియల్_మాధవి
ఇంకో మాట, నీ డూ ద నీడ్‌ఫుల్‌ని చూసి నవ్వారు గానీ, "ఫేర్ ల నెసెసేర్" ఫ్రెంచి ఆఫీసుల్లో రోజూ వాడే మాటే. అది మాత్రం ధైర్యంగా ఉంచు.

సున్నుండ
చూశారా, మన లీవ్ లెటర్ ఇంగ్లీష్‌కి ప్యారిస్‌లో విలువుంది!

పలాస_పిక్క
నిన్న రాత్రి కూచుని రాశాను, బాధితురాలు గారు మెసేజ్‌లో ఫ్రెంచి సరిచేశారు. తెలుగులో భావం ఇదీ:

"విషయం: ఫలానా నంబరు కాంట్రాక్టు, ఫలానా కొనెస్మాఁ, నాణ్యతలో తేడా.
మొస్యో,
మా క్రితం ఉత్తరం అనువాద యంత్రంతో తయారైంది. అందులోని మాటతీరుకి క్షమించగలరు.
పై కాంట్రాక్టు కింద విశాఖపట్నంలో దించుకున్న 50 000 కిలోల పిక్కలకి అవుట్‌టర్న్ 45,5, తేమ 11,8 శాతంగా తేలింది. కాంట్రాక్టు ప్రకారం 48, గరిష్ఠంగా 10 ఉండాలి. సర్వేయర్ నివేదిక జతచేశాం.
మా లెక్కలో పొరపాటు లేకపోతే తేడా 3 125 డాలర్లు. ఈ మొత్తాన్ని సూ కాంజేన్ సర్దుబాటు చేయించగలిగితే కృతజ్ఞులం.
మీ జవాబు కోసం ఎదురుచూస్తూ, మొస్యో, మా విశిష్ట నమస్కారాలు స్వీకరించండి."

యానాం_మనవడు
"మా లెక్కలో పొరపాటు లేకపోతే" అన్నది బాగా పడింది. "సోఫ్ ఎరర్ ద నోత్ర్ పార్" అంటారు. పొరపాటు లేదని ఇద్దరికీ తెలుసు, అయినా ఆయనకి కూచోడానికి పీట వేసినట్టు ఉంటుంది.

మాంట్రియల్_మాధవి
చివరి లైన్లో ఒక గుంట ఉంది, చూసుకో. "ఎదురుచూస్తూ... స్వీకరించండి" అంటే ఎదురుచూసేది ఆయనే అవుతాడు. "ఎదురుచూస్తూ, మేము మిమ్మల్ని కోరుతున్నాం" అని రావాలి. వయ్యేజ్ తీసేసి నూ వూ ప్రియోఁ పెట్టు. తెలుగులో కూడా అది తప్పే, మనం పట్టించుకోం.

కూకట్‌పల్లి_కుమార్
ఇన్ని చూసుకుని రాసేకంటే విమానం ఎక్కి వెళ్ళి అడగడం సులువు.

పలాస_పిక్క
సరిచేసి కంపెనీ లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీసి, నాన్నచేత సంతకం పెట్టించి, స్టాంపు కొట్టి, పీడీఎఫ్‌గా పంపాను. ఒరిజినల్ కొరియర్లో వెళ్ళింది. టెన్షన్‌గా ఉంది.

పలాస_పిక్క
పదకొండు రోజులకి జవాబొచ్చింది! సరుకు ఓడెక్కేముందు వాళ్ళ గోదాములో వానకి తడిసి ఉండొచ్చని ఒప్పుకున్నాడు. 2 000 డాలర్లు వచ్చే కాంట్రాక్టులో తగ్గిస్తాడట, మిగతాది మాట్లాడుకుందాం అన్నాడు. చివర్న "లెక్స్‌ప్రెస్యోఁ ద మే సాంతిమాఁ దిస్తాంగే" అని ఉంది.

తులూజ్_తమ్ముడు
సాంతిమాఁ దాకా వచ్చాడు! దిస్తాంగే కూడా తిరిగొచ్చింది.

మాంట్రియల్_మాధవి
లెక్స్‌ప్రెస్యోఁ పక్కన సాంతిమాఁ. చూశావా తమ్ముడూ, ఆయనకి తెలుసు.

పలాస_పిక్క
నాన్నకి చదివి వినిపించాను, సెంటిమెంట్లు పంపాడు నాన్నా అని. "సెంటిమెంటు బస్తాలోకి వస్తుందేట్రా, ఆ 1 125 సంగతి అడుగు" అన్నారు. అడగడం ఎలా?

యానాం_మనవడు
ముందు థాంక్స్ చెప్పి, 2 000 అందుతుందని రాతలో ఖాయం చేసుకో. తర్వాత పేరా మార్చి మళ్ళీ సోఫ్ ఎరర్ ద నోత్ర్ పార్. డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టు, రాత్రి చూస్తాను.

లెడ్జర్_లక్ష్మి
1కీ 125కీ మధ్యలో ఖాళీ మర్చిపోకండి. కామా పెడితే ఒక డాలరు ఇస్తాడు.